వెనుకకు నడిచే ఆవిడ

న్యూజిలాండ్‌లోని హాబ్సన్‌విల్‌లో మా మనవరాలి డ్రమ్ముల బృందానికి నడక నేర్పిన ఆవిడను తలచుకున్నప్పుడల్లా, నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆమె వెనుకకు నడిచే తీరు. పిల్లలు వాయిస్తూ ముందుకు వస్తుంటే, వారి ముఖాల మీదినుంచి చూపు మరల్చకుండా ఆమె మైదానమంతా వెనుకకే నడిచేవారు.

అంతవరకు తిన్నని వరుసలలోనే సాగిన ఆ బృందం చేత జడకోలాటం ఆడించాలని ఆమె సంకల్పించారు. నడుమ ఎత్తైన స్తంభం. దాని కొననుంచి దిగిన రంగుల పట్టీలను ఒక్కొక్క డ్రమ్ముకు కట్టారు. పిల్లలు వాయిస్తూ ఒకరినొకరు దాటుకుంటూ తిరిగితే పైన జడ అల్లుకుంటుంది. బృందాన్ని నడిపే కివీ పెద్దాయనకు నమ్మకం కుదరలేదు. ఒక్కసారి చూసి, బాగుంటేనే ప్రదర్శనలో ఉంచుదామన్నారు.

ఆయన చూడవచ్చిన నాడే మా మనవరాలు బయటినుంచి దాటవలసిన చోట లోపలినుంచి దాటింది. జడ చిక్కుపడింది.

"సారీ ఆంటీ, మొత్తం నేనే మెస్ చేశాను," అంది ఏడుపు గొంతుతో.

"ఏం కాలేదు తల్లీ. అందరూ వచ్చిన దారినే వెనక్కి నడవండి. డ్రమ్ మాత్రం ఆపకండి."

అంటూ తానే ముందుగా ఒక అడుగు వెనుకకు వేశారు. పిల్లలందరూ వాయిస్తూనే ఆమెవలె వెనుకకు నడిచారు. చిక్కు మెల్లగా విడిపోయింది.

పెద్దాయన లేచి చప్పట్లు కొట్టారు. అన్నిటికంటె ఆ చిక్కుపడి విడిపోయే ఘట్టమే బాగుందనీ, దానిని మాత్రం తీసివేయవద్దనీ కోరారు. ఆమె నవ్వు దాచుకుని తల ఊపారు.

ప్రదర్శననాడు మా మనవరాలు అదే చోట, అదే తప్పును, తల పైకెత్తి చేసింది.