గేదె లేని పాలతో ఛెనా

నాకు తిండి యావ ఎక్కువ, కోపం అంతకంటే ఎక్కువ. పంతొమ్మిదివందల అరవైల చివర్లో ఈ రెండూ కలిసి నన్ను ఒక నిమ్మకాయ దగ్గర ఇరుకున పెట్టాయి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లెలో ఆడవాళ్ళకి వంటా ఆరోగ్యం నేర్పే గ్రామసేవికగా కొత్తగా చేరాను.

అంతకు ముందు ట్రైనింగులో మా టీచరమ్మ ఒక మధ్యాహ్నం మా ముందు మూడు పళ్ళాలు పెట్టింది. పాలని గడ్డకట్టించి తినే పద్ధతులు లోకంలో ఎన్నో ఉన్నాయని, అవి చదివితే రావని, రుచి చూడాలని ఆమె వాదన. మొదటిది డబ్బాలో వచ్చిన పసుపుపచ్చని చీజు. ఉప్పగా, జిడ్డుగా నాలుక్కి అంటుకుపోయింది. నా పక్కనున్న అమ్మాయి బట్టల సబ్బులా ఉందని ఉమ్మేసింది. నాకు రెండో ముక్కతో దాని రుచి తెలిసింది, ఆమె వాటా కూడా తినేశాను. రెండోది బరంపురం వైపు నుంచి తెచ్చిన ఛెనా. మరిగే పాలలో నిమ్మరసం పిండి, విరిగాక గుడ్డలో వడగట్టినది. మెత్తగా, కాస్త తియ్యగా ఉంది. మూడోది ఆ ఛెనానే బరువు కింద నొక్కి గట్టిపరిచిన పనీరు. ఊరికే తింటే దానికి రుచంటూ పెద్దగా లేదు గానీ, ఉల్లిపాయలూ ధనియాల పొడీ వేసి వేయిస్తే కోడికూరని మరిపించింది. తేడా అంతా నొక్కడంలో, ఉప్పులో, నిలవలో ఉంది, మొదలు మాత్రం పాలు విరగడమే అని ఆమె చెప్పింది. కడుపు నిండిపోయి ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

పల్లెలో మహిళా మండలి ఆడవాళ్ళు నేనేం చెప్పినా వినేవారు. పెరటి కూరలన్నాను, వచ్చారు. పొగ రాని పొయ్యి అన్నాను, వచ్చారు. ఆ ధైర్యంతో పంచాయతీ సమితి ఆఫీసుకి పంపే కాగితంలో ఛెనా, పనీరు నేర్పుతానని రాసేశాను. అది చూసి పై ఆఫీసరు తానే స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆయన బాగులేదని రాస్తే మూటాముల్లే సర్దుకుని ఇంటికి పోవాల్సిందే. ఆడపిల్లకి ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగమేమిటని మా నాన్న అక్కడ ఎదురుచూస్తున్నాడు.

ఆఫీసరు వచ్చేలోగా ఒకసారి చేసి చూపిద్దామని, నేను అద్దెకున్న ఇంటి అరుగు మీద ఆడవాళ్ళని కూర్చోబెట్టాను. ఇంటావిడని నేను పిన్నీ అనేదాన్ని. ఆమె తమ గేదె పాలు చెంబుతో ఇచ్చింది, ఎందుకని అడగలేదు. పాలు పొంగు వచ్చాయి, నేను నిమ్మకాయ కోశాను. పిన్ని గభాల్న లేచి నా చెయ్యి పట్టుకుంది.

"ఏటమ్మీ, ఏటి సేస్తన్నావు? ఇరిగిపోనాయంటే పారబోసుకుంటాం. బాగున్న పాలని సేజేతులా ఇరగ్గొడతారేటి? గేదె పొదుగు ఎండిపోదా?"

మరి జున్ను తినరా, అదీ గట్టిపడ్డ పాలే కదా అన్నాను. జున్నుపాలు కాస్తే వాటంతటవే గట్టిపడతాయని, అది గేదె మనసారా ఇచ్చేదని, అందులో నిమ్మకాయ పెట్టే పాపం లేదని ఆమె జవాబు. మిగతావాళ్ళు తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. చదువు లేకపోతే ఇంతే అనేశాను. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. పిన్ని పాలగిన్నె దింపుకుని లోపలికి పోయింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

రెండు రోజులు పిన్ని నాతో ముక్తసరిగా మాట్లాడింది గానీ, అన్నం వేళకి నాకింత కూర తెచ్చి పెట్టడం మానలేదు. మూడో రోజు నేనే వెళ్ళి తప్పయిందని ఒప్పుకున్నాను. ఆఫీసరు వస్తే నా గతి ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పేశాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూనే అడిగింది.

"నీ గదిలో సంచీడు పొడిపాలున్నాయి కదా. ఆటికి గేదేది? దేని పొదుగు ఎండుతాది?"

అవి పిల్లలకి కలిపి పొయ్యమని మండలికి పంపిన పాలు, సముద్రాలు దాటి వచ్చినవి. అక్కడెక్కడో ఒక ఆవు ఉండే ఉంటుందని చెప్పబోయి, బుద్ధి తెచ్చుకుని నోరు మూసుకున్నాను.

ఆఫీసరు వచ్చిన రోజు ఊరి ఆడవాళ్ళందరూ వచ్చారు. పొడిపాలు చిక్కగా కలిపి మరిగించి నిమ్మరసం పిండాను. పాలు విరుగుతుంటే అందరూ మెడలు చాచి చూశారు, ఒకావిడ మాత్రం కళ్ళు మూసుకుంది. సగం ఛెనాలో బెల్లం కలిపి పిల్లలకి పెట్టాం. మిగతాది గుడ్డలో కట్టి, రుబ్బురోలు పొత్రం కింద నొక్కి, ముక్కలు కోసి వేయించాం. వెన్న లేని పాలు కాబట్టి కాస్త పొడిపొడిగా వచ్చింది. అయినా ఒక్క ముక్క మిగల్లేదు. మెత్తనిదే బాగుందని కొందరు, ఇంకాస్త ఉప్పేసి గట్టిగా నొక్కితే ఇంకా బాగుంటుందని కొందరు వాదించుకున్నారు. డబ్బా చీజు ముఖం చూడనివాళ్ళు దాని దారి కనిపెట్టేశారని నాకు ముచ్చటేసింది. ఆఫీసరు రెండుసార్లు అడిగి పెట్టించుకుని, చెయ్యి కడుక్కుని వచ్చి, మరి ఇళ్ళల్లో మీ గేదె పాలతో చేసుకుంటున్నారా అని అడిగాడు.

నేను ఖాళీ పళ్ళెం పట్టుకుని పొయ్యి వైపు తిరిగాను. అప్పుడు పిన్ని నన్ను చూపిస్తూ ముందుకొచ్చింది.

"మా గుంట నేర్పినాక సెయ్యకేటి బాబూ? వారానికోపాలి సేసుకుంటన్నాం."

అవునవునని వెనకనుంచి అందరూ అన్నారు. ఆయన సంతోషంగా ఏదో రాసుకుని జీపెక్కాడు. జీపు కనుమరుగయ్యాక పిన్ని దగ్గరికి వెళ్ళి, నిజంగా చేస్తారా అని ఆశకొద్దీ అడిగాను.

"నీ ఉజ్జోగం నిలబడాలని అందరం అబద్దం ఆడీసినాం. అబద్దానికైతే ఓ దండం పెడితే దేవుడు ఊరుకుంటాడు. గేదె ఊరుకోదమ్మీ. పాలు మాత్రం ఇరగ్గొట్టం."

చదువు లేదని నేను దెప్పినవాళ్ళే ఊరుమ్మడిగా నా కోసం అబద్ధమాడారు. నవ్వు ఆపుకోలేక పిన్ని భుజం పట్టుకున్నాను, పట్టుకున్నాక ఏడ్చేశాను.