బీరువా వెనుక గూళ్ళు

బుఖారాలో ముషర్రఫ్ బీబీ కాపురం పాత మదరసాలోని ఒక మూలగదిలో. పైన ఇటుక గుమ్మటం, కింద ఆవిడ నోరు, రెండూ ఇంతవరకు బీటలు వారలేదని మనవలు అనేవాళ్ళు.

ఆ ఏడు కొత్త సంవత్సరపు పండగ నవ్రోజ్‌కి ముందు కూల్చివేత మాట వచ్చింది. పాత పనితనం మిగిలిన గదులనే ఉంచుతారట, మిగతావాళ్ళకు ఊరవతల ఫ్లాట్లు ఇస్తారట. ఫ్లాటులో రొట్టెల పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలన్నది బీబీ బెంగ.

గది చూడడానికి దిల్నవాజ్ అనే ఇంజనీరమ్మ వచ్చింది. బీబీ ఆమెకు టీ పోసి, హల్వా పెట్టి, కోతలు మొదలుపెట్టింది. వీధివైపు కిటికీ, సోవియట్లు రాకముందు బుఖారాను ఏలిన అమీరు కాలం నాటిదట. నేల మీది సిమెంటు అంతకన్నా ముందుదట.

"బీబీ, ఈ గొళ్ళెం మీద సోవియట్ ఫ్యాక్టరీ ముద్ర ఉందే?"

"అమీరుగారికి పలుకుబడి ఎక్కువ, తల్లీ."

దిల్నవాజ్ నవ్వు ఆపుకుని, ఇలాంటి గదుల్లో గోడకు గచ్చు చెక్కడాల గూళ్ళుండాలే, ఏవని అడిగింది. బీబీ నోరు మొదటిసారి మూతపడింది. గూళ్ళున్న చోట ఇప్పుడు నున్నటి గోడ, దాని ముందు గోడంత బీరువా.

బీబీ కొత్త కోడలిగా ఉన్నప్పుడు సందులో అందరూ అలాంటి బీరువాలే కొన్నారు. గూళ్ళ అంచులు ముందుకు పొడుచుకొచ్చి బీబీ బీరువా గోడకు ఆనలేదు. గోడ చదును చేసేదాకా పొయ్యి వెలిగించనని ఆవిడ అలిగి కూర్చుంది. తాపీ పనివాడైన మొగుడు నుస్రత్ తలుపేసుకుని రోజంతా సుత్తి మోగించాడు. సాయంత్రానికి గోడ చదునైంది. గూళ్ళు ముక్కలై పోయాయనే ఆవిడ అనుకుంది. ఇప్పుడా మాట చెబితే గది పోతుంది. చెప్పకపోయినా పోయేలా ఉంది.

"నేనే కొట్టించాను," అంది చివరికి, టీపాట్‌కేసి చూస్తూ.

దిల్నవాజ్ గోడవారగా మడిచి ఉన్న తివాచీ అంచు చూసి, ఇదెందుకు మడిచారని అడిగింది.

"గదికి కొలిచి మా అమ్మ నేసింది. మొదట్లో సరిపోయేది. ఆనక సాగింది. మా అమ్మ నేత అంతే."

"తివాచీ సాగలేదు బీబీ. గది తగ్గింది."

మనవలు బీరువా జరిపారు. దిల్నవాజ్ ఒక ఇటుక ఊడదీసింది. అంటించింది ఉత్త మట్టితోనే. వెనక రెల్లు చాప, ఆ చాప వెనక గూళ్ళు, ఎర్రపూలు, నీలం తీగలు, ఒక్క రేకూ చెదరలేదు. ఆ రోజు నుస్రత్ సుత్తి మోగింది ఈ అడ్డుగోడ ఇటుకలు చెక్కడానికే.

బీబీ చాలాసేపు ఆ పూలను నిమిరింది.

"మా అమ్మ నేతను ఇన్నాళ్ళూ తిడుతుంటే వింటూ కూర్చున్నావు కదయ్యా," అంది, పోయిన మొగుడితో.

గది నిలిచింది. బీరువా వాకిట్లో కోళ్ళ గూడైంది. తివాచీ మడత విప్పితే ఆ అంచు మాత్రం కొత్త పెళ్ళికూతురిలా ఎర్రగా ఉంది. బీబీ దాని మీదే కూర్చుని, గూళ్ళు పాడవకుండా తానే ముందుచూపుతో అడ్డుగోడ కట్టించానని చూడొచ్చినవాళ్ళకు చెబుతోంది.