సున్నెవా ఇంటి గడియ

మా ఊళ్ళో తలుపు తట్టేవాళ్ళు రెండు రకాలు. చావు కబురు తెచ్చే పాస్టరు ఒకడు, ఊరికి కొత్తవాడు ఒకడు. మిగతా అందరం తలుపు తోసుకుని లోపలికెళ్ళి, కాళ్ళ జోళ్ళు విడుస్తూ "ఉన్నారా?" అని కేకేస్తాం. తట్టామంటే పరాయివాళ్ళమైపోయినట్టే.

తోర్స్‌హావ్న్ మా చలి సముద్రపు దీవులకి రాజధాని అని పేరే గాని, ఈ చివర తుమ్మితే ఆ చివర చిరంజీవ అంటారు. ఇంత ఊరికి వేసవిలో ఒక్కో ఓడ మూడువేల మందిని దింపిపోతుంది. తారు పూసిన నల్లటి ఇళ్ళు, కప్పు మీద గడ్డి కనబడేసరికి వాళ్ళకి మా వీధి వీధంతా మ్యూజియం అనిపిస్తుంది. నా ఇంట్లోకి ఎవరూ రారు. నా మొహం చూసే ఆగిపోతారు. అందరూ ఎదురింటి సున్నెవా మీద పడతారు.

సున్నెవాకి డెబ్బై ఎనిమిది. ముప్ఫై ఏళ్ళు చేపల కార్ఖానాలో కత్తి పట్టింది, మొగుడు నిక్లాస్ పోయాక అల్లిక సూదులు పట్టింది. నేనూ నిక్లాసూ పడవల వడ్రంగంలో కలిసి పనిచేశాం కాబట్టి వదినా అంటాను. ఆవిడ లెక్కలో తలుపు తోసుకుని వచ్చినవాడు చుట్టం. చుట్టానికి కాఫీ, పెరట్లో కాసే పుల్లటి రూబార్బ్ కాడల జాము పెట్టాలి. ముందుగా మా పెద్దవాళ్ళందరూ అడిగే మాట అడగాలి: "ఎవరి తాలూకు నువ్వు?"

ఆ మాటని తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోకి మార్చేసరికి "నీ యజమాని ఎవరు?" అయి కూర్చుంది. ఒకాయన తడుముకోకుండా పెళ్ళాన్ని చూపించాడు. ఇంకొకాయన దిగులుగా తన బ్యాంకు పేరు చెప్పాడు. ఒకావిడ అయితే, అల్లుకుంటున్న సున్నెవా చేతిని నొక్కి చూసి, మొగుడితో "నిజం మనిషే!" అంది.

"వదినా, వాళ్ళు నిన్ను బొమ్మనుకుంటున్నారు," అన్నాను.

"అనుకోనీ. కాఫీ తాగే బొమ్మని ఎక్కడ చూస్తారు పాపం."

"తలుపుకి గడియ బిగిస్తానంటే వినవు కదా!"

"గడియ పెడితే ఎవరైనా వచ్చి వెనక్కి పోతేనో?"

"రోజూ ఓడకి ఓడ వస్తూనే ఉందిగా, ఇంకెవరు రావాలి?"

"నీ పని చూసుకోవయ్యా," అని సూదుల్లోకి తల దూర్చేసింది.

ఎవరు రావాలో నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. చెల్లెలు బిరీతా. పది నిమిషాల నడక దూరంలో ఉంటుంది. తొమ్మిదేళ్ళ కిందట నిక్లాస్‌ని పాతిపెట్టి వచ్చాక భోజనాల్లో, ఎండబెట్టిన గొర్రె మాంసం ముక్క నోట్లో వేసుకుని, "ఇది ఎండింది కాదే అక్కా, మురిగింది," అంది బిరీతా. మా వాళ్ళు మొగుణ్ణి ఏమన్నా పడతారు గాని మాంసాన్ని అంటే పడరు. పైగా అది నిక్లాస్ తన చేత్తో గాలికి వేలాడదీసిన ఆఖరి గొర్రె తొడ. సున్నెవా లేచి, "తలుపు అదిగో," అంది. బిరీతా కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంత చిన్న ఊళ్ళో తొమ్మిదేళ్ళు ఎదురుపడకుండా తిరగడం అంటే మాటలు కాదు. ఒకరు రొట్టెల దగ్గరుంటే ఒకరు బంగాళాదుంపల దగ్గర. చర్చిలో ఒకరు కుడి, ఒకరు ఎడమ. సున్నెవా చెల్లెల్ని రమ్మని పిలవదు, పిలిస్తే పరువు పోతుంది. తలుపు మాత్రం తీసి ఉంచుతుంది. ఆ తలుపులోంచే లోకమంతా వచ్చిపోయింది, బిరీతా తప్ప.

ఈ జూన్‌లో పసుపు రెయిన్‌కోటు వేసుకున్న ఒక దయగల తల్లి దిగింది. ఇల్లు చూసి, పెరట్లో పలకల సందుల్లోంచి గాలి ఆడే కొట్టం తలుపు తీసింది. లోపల తొమ్మిది నెలలుగా వేలాడుతున్న తొడ, దాని మీద తెల్లటి బూజు. ఆ బూజు పడితేనే మాకు మాంసం తినే అదనుకి వచ్చినట్టు. అయ్యో, ముసలావిడ తెలియక ఇది తిని చస్తుందేమో అనుకుంది. దింపింది, సంచిలో చుట్టింది, వీధి చివర చెత్తడబ్బాలో వేసింది. చేతులు కడుక్కుని వచ్చి, పుణ్యం చేసిన మొహంతో సైగలు చేసి మరీ చెప్పింది. అప్పటికే చెత్తబండి వచ్చి వెళ్ళిపోయింది.

సున్నెవా ఆవిడకి కాఫీ పోసి, తాగించి, సాగనంపింది. అప్పుడు వీధి దాటి నా దగ్గరికొచ్చింది.

"ఆ గడియేదో పట్టుకురా."

ఆరేళ్ళ కిందటే కొనిపెట్టుకున్నాను. పది నిమిషాల్లో బిగించేశాను. "ఇప్పుడు నీ కడుపు చల్లగా ఉందా?" అంది. ఉంటుందనే అనుకున్నాను. లేదు.

మూడోరోజు వాన, పైగా ఓడ. గడియ బిర్రుగా ఉందంటే నూనె వేయడానికి వెళ్ళి, వేసి, లోపల కాఫీ తాగుతున్నాను. బయట ఎవరో తలుపు తోశారు. తట్టలేదు, తోశారు. మళ్ళీ తోశారు.

"మొదలైంది సంత," అంది సున్నెవా.

కాసేపటికి కిటికీ అద్దానికి ఒక ముక్కు ఆనింది. పైన కోటు టోపీ, ఊపిరికి అద్దమంతా మంచు పట్టి మొహం కనబడదు. సున్నెవాకి తిక్క రేగింది. ఇంగ్లీషు కూడా మర్చిపోయి, మా భాషలోనే అరిచింది:

"ఇది మ్యూజియం కాదు! అసలు ఎవరి తాలూకు నువ్వు?"

"నీ తాలూకేనే అక్కా! ఇంకెవరి తాలూకు?"

సున్నెవా చేతిలో సూదులు కింద పడ్డాయి.

"చెత్తబండి వాడు చెప్పాడు, నీ తొడ పారేశారని," అని బయటినుంచి ఆగకుండా అరుస్తోంది బిరీతా. "నాది తెచ్చాను. నా మీదే గడియ పెడతావా? నన్ను తట్టమంటావా? వానలో నానిపోతాను గాని ఛస్తే తట్టను!"

సున్నెవా తలుపు దగ్గరికి పరిగెత్తింది. పుట్టి బుద్ధెరిగాక మొన్నటిదాకా గడియ తిప్పిన మనిషి కాదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది, పిడికిలితో గుద్దింది.

"నువ్వే పెట్టావుగా, తియ్యవయ్యా!" అని నా మీద కేకలు. కళ్ళు తుడుచుకుంటూనే తిట్లు.

తీశాను. బిరీతా నీళ్ళు కారుతూ వచ్చి, గుడ్డలో చుట్టిన తొడని బల్ల మీద పెట్టింది. అక్కచెల్లెళ్ళు కావలించుకోలేదు. మా ఊళ్ళో అలాంటివి చెయ్యరు. సున్నెవా చాకు తీసి పల్చటి ముక్క కోసింది. నమిలింది. చాలాసేపు నమిలింది. బిరీతా తడి కోటైనా విప్పకుండా నిలబడింది. నేను స్క్రూడ్రైవరు తీసి, ఎవరూ చెప్పకుండానే గడియ ఊడదీయడం మొదలుపెట్టాను.

"ఇది ఎండింది కాదే," అంది సున్నెవా. "మురిగింది."

"అవునక్కా," అని బిరీతా కుర్చీ లాక్కుని కూర్చుంది.

సున్నెవా ఇంకో ముక్క కోసుకుంది.