మా నాన్న నామోషీ, మామ్మగారి మోకాలు

నా చిన్నప్పుడు మా పేటలో గడియారం ఉన్న ఇళ్లు రెండో మూడో. మిగతా అందరికీ మిల్లు కూతే గడియారం. గోనెసంచులు నేసే ఆ మిల్లు కాకినాడ వైపు వెళ్లే కాలవ పక్కన ఉండేది. పొద్దున్నే మొదటి కూతకి ఆడవాళ్లు పొయ్యి వెలిగించేవారు, రెండో కూతకి మగవాళ్లు గేటు దాటేవారు. మా నాన్న అందులో మగ్గం మీద పనిచేసేవారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి జుట్టూ కనుబొమలూ జనపనార నూగుతో తెల్లబడిపోయి, ముప్పై అయిదేళ్ల మనిషి ముసలాయనలా కనిపించేవారు. నేను ఆయన తల దులుపుతూ 'తాతగారూ' అని ఏడిపించేదాన్ని.

ఆయనకి అన్నీ మంచి గుణాలే, ఒక్క నామోషీ తప్ప. సంతకి వెళ్తూ ఉంటే చేతిలోని ఖాళీ సంచీ ఎవరైనా చూస్తారేమోనని మడిచి జేబులో పెట్టుకునే రకం. ఒకసారి దారిలో చెప్పు తెగితే, దాన్ని చేత్తో పట్టుకుని నడవడం నామోషీ అని, ఇంటిదాకా తెగిన చెప్పునే ఈడ్చుకుంటూ వచ్చారు. అది చూసి అమ్మ నవ్వినందుకు ఆ పూట భోజనం మానేశారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక వానాకాలం, మిల్లుకి జనపనార రావడం తగ్గిపోయింది. గేటుకి కాగితం అంటించారు. సరుకు మళ్లీ వచ్చేదాకా నేత పనివాళ్లకి వారానికి మూడు రోజులే పని. మిగిలిన మూడు రోజులూ పని ఉండదు కానీ, రెండో కూత వేళకి గేటు దగ్గరికి వచ్చి హాజరు పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లాలి. పెడితే ఆ రోజుకి సగం జీతం ఇస్తారు, మగ్గం మీద హక్కూ ఉంటుంది. పెట్టకపోతే నాగా కింద లెక్క. నాగాలు ఎక్కువైతే ఆ మగ్గాన్ని, రానివాళ్ల బదులు పని దొరుకుతుందని గేటు బయట ఎదురుచూసే బదిలీ కూలీల్లో ఒకరికి ఇచ్చేస్తారు.

నాన్నకి తల కొట్టేసినట్టయింది. "పని చేసి సంతకం పెట్టమంటే పెడతాను. పని లేదని సంతకం పెట్టడానికి అంతమందిలో వరసలో నిలబడాలా? నావల్ల కాదు" అన్నారు. మొదటి వారం ఆ మూడు రోజులూ వెళ్లలేదు. అరుగు మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. దారినపోయేవాళ్లు పలకరిస్తే ఒంట్లో బాగోలేదన్నారు. కూత వినబడగానే దుప్పటి తల మీదికి లాక్కునేవారు. అమ్మ మెల్లగా చెప్పి చూసింది, గట్టిగా చెప్పి చూసింది, చివరికి ఏడ్చింది. అమ్మ ఏడ్చినకొద్దీ ఆయన బెట్టు పెరిగింది.

ఆదివారం, నాన్న పక్క మగ్గం మీద పనిచేసే బాబాయి మా ఇంటికి వచ్చారు. "అన్నయ్యా, హాజరు గుమాస్తా నీ పేరు పక్కన గుర్తు పెట్టుకున్నాడు. ఇంకో మూడు నాగాలు పడితే నీ మగ్గం పోద్ది. నా మాట విని రేపు వచ్చెయ్" అని చెప్పి వెళ్లిపోయారు. నాన్న మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ మగ్గం సంపాదించుకోవడానికి ఆయన ఆరేళ్లపాటు బదిలీ కూలీగా అదే గేటు బయట నిలబడ్డారని నాకు అప్పటికి తెలియదు. మళ్లీ అక్కడే నిలబడటం ఆయనకి ఎందుకంత కష్టమైందో పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

ఆ సాయంత్రం అమ్మ దొడ్డిగోడ దగ్గర నిలబడి పక్కింటి మామ్మగారితో అంతా చెప్పుకుని కళ్లు తుడుచుకుంది. మామ్మగారు మాకు చుట్టమేమీ కాదు. మిల్లు గేటు ఎదురుగా కుంపటి పెట్టుకుని దిబ్బరొట్టెలు కాల్చి అమ్మేవారు. మందపాటి మూకుడులో పిండి పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి, రొట్టె ఎర్రగా కాలేదాకా కదలకుండా కూర్చునేవారు. మనిషి పీలగా ఉన్నా, పిండి తపేలా నెత్తిన పెట్టుకుని రెండు చేతులూ ఊపుకుంటూ మైలు దూరం నడిచేవారు. పేటలో ఆవిడ నోటికి జడవనివాళ్లు లేరు. అలాంటావిడ ఆరోజు ఒక్క మాటా అనకుండా అమ్మ చెప్పిందంతా విని లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు పని లేని రోజు. మొదటి కూత అయింది. నాన్న అరుగు మీదే ఉన్నారు. అంతలో మామ్మగారు గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చారు. కుడి మోకాలికి ఆముదపాకులు వేసి గుడ్డ చుట్టుకుని ఉన్నారు. "అబ్బాయీ, మోకాలు పట్టేసింది. అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతన్నాను. ఈ తపేలా గేటుదాకా చేర్చి వచ్చెయ్ నాయనా. నానేసి రుబ్బిన పిండి, పారబొయ్యలేను కదా" అన్నారు.

పెద్దావిడ మాట తీసేయడం నాన్నవల్ల కాలేదు. దుప్పటి మడిచిపెట్టి, చొక్కా తొడుక్కుని, తపేలా భుజానికెత్తుకున్నారు. బడికి ఇంకా వేళ ఉండటంతో అరిటాకు ముక్కల కట్ట పట్టుకుని నేనూ బయల్దేరాను. మామ్మగారు కుంటుతూ, మధ్యమధ్య 'అమ్మో' అంటూ మా పక్కనే నడిచారు.

గేటు దగ్గర తపేలా దించి నాన్న వెనక్కి తిరగబోయారు. నిప్పు రాజుకునేదాకా ఉండమనీ, తను వంగలేననీ మామ్మగారు బతిమాలారు. నాన్న కుంపటి ముందు కూర్చుని విసరడం మొదలుపెట్టారు. అక్కడికి పదడుగుల దూరంలో గుమాస్తా బల్ల వేసుకుని కూర్చున్నాడు. అతని ముందు నేత పనివాళ్ల వరస. ఒకరొకరే సంతకం పెట్టి, ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకుంటూ ఇవతలికి వస్తున్నారు. మా నాన్న వారం రోజులుగా ఊహించుకున్నట్టు అక్కడెవరూ తల దించుకుని లేరు. రెండో కూత కూసింది. మామ్మగారు మూకుడులో నూనె వేస్తూ, తల కూడా ఎత్తకుండా, "ఎలాగూ వచ్చావు. ఇది వేడెక్కేలోపు ఆ సంతకం కూడా పడేసి రా. ఆలస్యం చెయ్యకు, నాకు ఇక్కడ పనుంది" అన్నారు.

నాన్న చేతికంటిన మసి తుడుచుకుని వెళ్లి వరసలో నిలబడ్డారు. నేను అరిటాకులు పట్టుకుని ఆయన్నే చూస్తూ ఉన్నాను. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి మళ్లీ విసనకర్ర అందుకున్నారు. ఆకాశం విరిగి ఎవరి మీదా పడలేదు.

తర్వాతి పని లేని రోజు కూడా మామ్మగారు కుంటుకుంటూ వచ్చారు. ఈసారి కట్టు ఎడమ మోకాలికి ఉంది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరూ అనేవారు. దారంతా ఎలాగో ఓర్చుకున్నాను గానీ, గేటు దగ్గర మొదటి రొట్టె కాలుతూ ఉండగా, "మామ్మగారూ, మొన్న ఆ మోకాలు కదా" అని మొదలుపెట్టాను. ఆవిడ చటుక్కున కాలుతున్న రొట్టె అంచు విరిచి నా నోట్లో కుక్కేశారు. ఆ కరకరలాడే అంచు ఎంత వేడిగా ఉందంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ నా కళ్లలోకి సూటిగా చూశారు. అప్పుడు నాకు అంతా అర్థమైంది. మా పిల్లి ఈనితే పేటంతా చాటింపు వేసిన నేను, ఆ సంగతి అమ్మకి కూడా చెప్పలేదు. చెబితే నాన్న మళ్లీ అరుగెక్కుతారని భయం.

అలా మూడు వారాలు గడిచాయి. ఒకరోజు మామ్మగారు కాలు చాపుకుని కూర్చుని మూలుగుతూ ఉండగా, వెనకనుంచి ఒక మేక వచ్చి అరిటాకుల కట్టలో మూతి పెట్టింది. మామ్మగారు అట్లకాడ పుచ్చుకుని ఒక్క గెంతు గెంతారు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆ మేకని కాలవగట్టుదాకా తరిమి, నోట్లోని ఆకు లాక్కుని, తిట్టుకుంటూ గబగబా వెనక్కి వచ్చారు. వచ్చాక గానీ ఆవిడకి మోకాలి నొప్పి సంగతి గుర్తురాలేదు. మోకాలి కట్టు దారిలో ఎక్కడో ఊడిపోయింది. వరసలో ఉన్న మగవాళ్లంతా ఆవిడనే చూస్తున్నారు. పక్క మగ్గం బాబాయి నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నారు.

నలుగురిలో నవ్వులపాలైతే నాన్న ఇక జన్మలో ఆ గేటు దగ్గరికి రారు, మగ్గం పోతుంది, అదంతా నా కళ్లముందు కనిపించింది. మామ్మగారి మొహం చూస్తే ఆవిడకీ అదే భయంలా ఉంది. నాన్న మాత్రం రొట్టె తిరగేసి, మూత పెట్టి, లేచి వెళ్లి ఆవిడ మోచెయ్యి పట్టుకుని నెమ్మదిగా పీట మీద కూర్చోబెట్టారు. "అలా పరుగులెట్టకండి మామ్మగారూ. మోకాలు జాగ్రత్తండి" అన్నారు. అని, వెళ్లి సంతకం పెట్టి వచ్చారు.

చలికాలం మొదలయ్యేసరికి సరుకు వచ్చింది. ఆరు రోజుల పనీ వచ్చింది. నాన్న మగ్గం నాన్నకే దక్కింది. ఆ తర్వాత కూడా ఆయన రోజూ ఆ తపేలా మోసుకునే పనికి వెళ్లేవారు. ఇక అక్కర్లేదని మామ్మగారు ఎంత చెప్పినా, 'ఎలాగూ నా దారే కదండీ' అనేవారు. పిండి తపేలా భుజాన పెట్టుకుని నడిబజారులో నడవడం ఆయనకి నామోషీ అనిపించకపోవడం మా అమ్మకి ఎప్పటికీ వింతే.

నా పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక, ఒకసారి పుట్టింటికి వెళ్లినప్పుడు నాన్నని అడిగాను. మామ్మగారి సంగతి మీకు మేక వచ్చిన రోజే తెలిసిందా అని. ఆయన నవ్వారు. "మొదటిరోజే తెలుసమ్మా. ఆముదం రాసి ఆకులేసి కట్టు కడితే వాసన రావాలి కదా. మైలు దూరం పక్కనే నడిచాను, రాలేదు" అన్నారు. మరి ఎందుకు వెళ్లారని అడిగాను. "వెళ్లాలని నాకూ ఉందమ్మా. ఎలా లేవాలో తెలియక పడుకున్నాను" అన్నారు.

ఆ మాట విన్నాక మొండికేసి కూర్చున్న మనిషి మీద నాకు కోపం రావడం మానేసింది. ఈమధ్య మా అమ్మాయి పనిచేసే రొయ్యల ప్లాంటులో ఆర్డర్లు తగ్గాయని వారానికి మూడు రోజులే రమ్మన్నారు. మిగతా రోజులు అది తలుపేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. వీధిలోకి వస్తే 'ఇవాళ డ్యూటీ లేదా' అని అడుగుతారని దాని బాధ. అల్లుడు నచ్చచెప్పమని నాకు ఫోను చేశాడు. నేను నచ్చచెప్పలేదు. ఆటోలు ఎక్కలేకపోతున్నాననీ, స్కూటీ మీద రైతుబజారుకి తీసుకెళ్లమనీ దాన్ని అడిగాను. విసుక్కుంటూనే వచ్చింది. మర్నాడు మళ్లీ అడిగాను, ఆ తర్వాతి రోజూ అడిగాను. మూడో రోజు సంచీ తగిలిస్తూ, "మీ ఇద్దరికీ ఇన్ని వంకాయలెందుకమ్మా" అంది. నేను బండి పోనిమ్మన్నాను. అది అద్దంలో నన్నే చూస్తూ బండి తీసింది. నాలుగో రోజు నేను ఫోను చెయ్యకముందే మా వాకిట్లో స్కూటీ హారన్ వినిపించింది.