ఏడో గుర్తు

ఆపరేషన్ గదిలో టెక్నీషియన్ నెహెమ్యా సన్నటి గొట్టంలోకి ఉప్పునీళ్లు నింపి, లోపల గాలిబుడగ మిగల్లేదని చూసుకుని డాక్టరు చేతికిచ్చాడు. ఆ గొట్టం మీద సెంటీమీటరుకొక గుర్తు ఉంటుంది.

బల్ల మీద మత్తులో ఉన్నది సీతాలు. చాతం రేవులో పడవెక్కి అవతలి ఒడ్డున బంబూఫ్లాట్ వెళ్లి చేపలమ్ముకునే మనిషి. కాలేయం గట్టిపడి, రక్తం పోయే దారి లేక, ఈ వారంలోనే రెండుసార్లు రక్తం కక్కింది. మూడోసారికి బతకదు. మెడ రక్తనాళంలోంచి దిగి కాలేయంలో కొత్త దారి తొలిచారు. అది పూడిపోకుండా స్టెంటు పెట్టాలి. ఆస్పత్రిలో ఉన్నవి రెండే. పొర కప్పిన భాగం ఒకదానికి ఆరు సెంటీమీటర్లు, రెండోదానికి ఏడు. పొరపాటైతే ఇంకొకటి చెన్నై నుంచి ఈ దీవికి విమానంలో రావాలి.

రెండు రోజుల కోసం చెన్నై నుంచి వచ్చిన డాక్టరు చక్రి ఎక్స్‌రే తెర మీద కొత్త దారి పొడవుకు గీత గీశాడు. "ఆరు తియ్యండి."

నెహెమ్యా పెట్టె ముట్టుకోలేదు.

"సార్, మీ గీత తిన్నగా ఉంది. దారేమో వంపు తిరిగింది. గొట్టం మీద గుర్తులు లెక్కెట్టండి."

"ఏంటి భయ్యా, చాతం కోతమిల్లులో దుంగ కొలుస్తున్నారా?"

"మా నాన్న కొలిచీవోడు సార్. వంకర దుంగకి తాడు వంపెంటే వేసీవోడు. తిన్నగా లాగితే పొట్టొచ్చీది. ఆరేస్తే పైకొస రక్తనాళం మొగదాకా రాదు. ఆర్నెల్లకి అక్కడే మూసుకుపోద్ది. పూరీ మెహనత్ బేకార్, పడ్డ పాటంతా దండగ."

చక్రి తెర మీద, దారి వంపులో ఒదిగిన గొట్టాన్ని చూశాడు. గుర్తులు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఏడు.

ఈ పని నెహెమ్యాకు ఎవరూ నేర్పలేదు. పెట్టెల్లో వచ్చే కాగితాలు చదివి నేర్చుకున్నాడు. బతు బస్తీ ఇంట్లో, కూరలు తరుగుతూ భార్య జ్ఞానవతి అవన్నీ వినేది. ఆమె పోయి మూడేళ్లు. ఇప్పుడా కాగితాలు కంచం పక్కన పెట్టుకుని తనలో తనే చదువుకుంటాడు.

ఏడు సెంటీమీటర్ల స్టెంటు విప్పి ఇచ్చాడు. పొర లేని జల్లెడ కొస కింది రక్తనాళంలో ముందు విచ్చుకుంది. డాక్టరు మెల్లగా వెనక్కి లాగి, అది గోడకు తగిలాక మిగతాది వదిలాడు.

"ఎనిమిది మిల్లీమీటర్లకే తెరుద్దాం. ఎక్కువైతే కాలేయం వడకట్టని రక్తం మెదడుకెక్కి మతి మసకేస్తుంది," అన్నాడు చక్రి.

నెహెమ్యా ఎనిమిది బెలూను అందించాడు. కాలేయానికి ఇటూ అటూ ఇరవై రెండున్న రక్తపు ఒత్తిడి తేడా పదికి దిగింది. పైకొస సరిగ్గా రక్తనాళం మొగ దగ్గర నిలిచింది.

"మీ నాన్నగారి తాడు గట్టిదే, భయ్యా."

నెహెమ్యా తలూపాడు. ఆ మాట ఇంటికి తీసుకెళ్లి చెప్పడానికి ఎవరూ లేరు.

మంచాన్ని వార్డు దాకా తనే తోశాడు. కొలతల కాగితం నర్సు క్యారొలిన్‌కు ఇచ్చాడు.

"పొడవు ఏడు, వెడల్పు ఎనిమిది. లేచాక పేరడుగు దీదీ. తడబడితే డాక్టర్ని పిలు."

క్యారొలిన్ సంతకం చేసి మంచం తన వైపు లాక్కుంది.