మిషనింటి పిల్ల తొలి నోంబు

ఆ రోజుల్లో తమిళనాడు ధర్మపురిలో మా వీధికి ఇరవై మూడు ఇళ్లు, రెండు రేడియోలు. ఈర్ష్య పడటానికి ఇప్పుడున్నన్ని సరుకులు అప్పుడు దొరికేవి కావు. కాబట్టి దొరికిన ఒక్కదాన్నే పొదుపుగా, నెలల తరబడి వాడుకునేవాళ్లం. నాకు పదో ఏడు నిండి నాలుగు నెలలైనప్పుడు అలా దొరికింది పక్కింటి పిల్ల తొలి ఉపవాసం. వాళ్ల నాన్న బట్టలు కుట్టేవాడు గనుక అందరూ ఆమెను మిషనింటి పిల్ల అనేవాళ్లు. నాకన్నా పదిహేడు రోజులు చిన్నది (ఆ పదిహేడు రోజుల పెద్దరికం రోజుకొకసారైనా గుర్తు చేసేదాన్ని).

రంజాన్ ఉపవాసాన్ని మా వైపు అరవంలోలాగే నోంబు అంటాం. తొలి నోంబు పట్టిన పిల్లకు వాళ్లిళ్లలో పెళ్లికూతురికి చేసినంత చేస్తారు. కొత్త గౌను, రోజాపూల దండ, సాయంత్రం వీధిలో అందరికీ గంజి. దండ ఎంత పొడవో వారం ముందే వాళ్ల అమ్మమ్మను అడిగి తెలుసుకున్నాను. రెండు మూరలు. ఆ అమ్మమ్మను వీధంతా నానీ అని పిలిచేది. మాతో సగం అరవం కలిపి మా తెలుగే మాట్లాడేది. నేనేమో అప్పటికి మా అవ్వతో పాటు పదకొండు ఏకాదశులు ఉపవాసం ఉన్నదాన్ని. నాకు దండ కాదు గదా, ఒక పువ్వు కూడా ఎవరూ పెట్టలేదు.

ఆ రోజు బడిలో మధ్యాహ్నం అందరూ అన్నం తెచ్చుకున్న తూక్కుగిన్నెలు తెరిచారు. ఈమె తెరవలేదు. "ఏమే, తినలేదా?" అని అడిగితే "కడుపునొప్పి" అంది. నా చెవిలో మాత్రం, "నోంబని చెప్పొద్దు మే. పోయినేడు మా అక్కని ఎండుమొగం అని ఏడిపించినారు" అంది. అక్కడే నాకు మండింది. దాచుకునేదానికి రెండు మూరల దండ ఎందుకు?

ఇంటికి వచ్చే దారిలో అరనెల్లికాయలు కోశాను. అవి గోళీలంత ఉండే పుల్లని ఉసిరికాయలు. రోజూ నేను కోయడం, చెరి సగం తినడం మా అలవాటు. ఆ రోజూ ఏమీ ఎరగనట్టు ఆమె వాటా చేతిలో పెట్టాను. ఆమె ఏదో చెబుతూ, చెబుతూనే ఒకటి నోట్లో వేసుకుని, నమిలి, గింజ ఉమ్మేసింది. నాలుగుంబావు. ఆమె చెబుతున్నది ఏమిటో నాకు గుర్తులేదు, సమయం గుర్తుంది.

సాయంత్రం వాళ్లింటి నిండా చుట్టాలు. కొత్త గౌను వేసుకుని ఆమె చాప మధ్యలో కూర్చుంది. మసీదులో బాంగు వినబడితే ఉపవాసం విడుస్తారు. దానికింకా అయిదారు నిమిషాలుంది. నానీ దండ చేతికి తీసుకుంది. నేను లేచి నిలబడ్డాను.

"నానీ, ఇది నాలుగుంబావుకి అరనెల్లికాయ తినింది."

 మిషనింటి పిల్ల నోటిమీద చేయి పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మర్సిపోయినా నానీ" అంటూ కొత్త గాజులు తీసేయబోయింది. నానీ ఆ చేయి పట్టుకుంది.

"మర్సి తింటివా, తెలిసి తింటివా?"

"మర్సి."

"అట్లయితే నోంబు పోలేదు పో. మర్సి తింటే అల్లానే తినిపించినాడని అర్థం. గాజులేసుకో."

నేను దిమ్మెరపోయాను. మా ఇంట్లో ఏకాదశినాడు నేను మరిచిపోయి నాలుగు వేరుశెనగ గింజలు తిన్నందుకు అవ్వ ఆ రోజు ఉపవాసాన్నే లెక్కలోంచి కొట్టేసింది (పదకొండు అని చెప్పానే, అది అలాంటివి తీసేయగా మిగిలినది). నానీ తీరిగ్గా, "కాయ ఎవరిచ్చినారు?" అంది. ఆమె నా వైపు చూసింది గానీ నా పేరు చెప్పలేదు. నాకు తప్పు లెక్క నచ్చదు. "నేనే ఇచ్చినాను. నేను మర్సిపోలేదు" అన్నాను.

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఏడుపు ఆగలేదు. "నేను పదకొండు ఏకాదశులు ఉన్నాను, నాకెవురూ దండ ఎయ్యలేదు. దీనికి ఒకదానికే వేస్తా ఉన్నారు. ఇదేమో బళ్లో కడుపునొప్పి అని చెప్పింది" అని వెక్కుతూనే రెండో చాడీ కూడా పూర్తిచేశాను.

నానీ నన్ను తిట్టలేదు. మనవరాలి గడ్డం పట్టుకుని నా వైపు తిప్పింది. "సూడు. నువ్వు సిగ్గుపడి దాచిపెడితివి. అది నాకు లేదే అని పక్కింటి పాప ఎట్ల ఏడుస్తాందో సూడు. ఇంత గొప్పది నీ దగ్గరుంటే కడుపునొప్పంటావా?"

మిషనింటి పిల్ల నన్ను చాలాసేపు చూసింది. ఏడుస్తున్న మొహం అంత శ్రద్ధగా చూడటం మర్యాద కాదు. బాంగు వినబడింది. ఖర్జూరం నోట్లో పెట్టుకుని, దండ వేయించుకుని, మెడ నిటారుగా పెట్టి కూర్చుంది.

రెండోరోజు ఎవరూ ఉండమనకుండానే ఉపవాసం ఉంది. మధ్యాహ్నం పిల్లలు అడగకముందే, "నాకు నోంబు. మర్సి తింటే కూడా పోదు, తెలుసునా?" అని చెప్పింది. ఒకతె కిసుక్కుమంటే, "నువ్వు నవ్వుతావు. ఇది దీనికోసం నిన్న ఏడ్చింది, అడుగు" అని నన్ను చూపించింది. ఏడ్చానని నేను ఒప్పుకోవలసి వచ్చింది. ఇక ఎవరూ నవ్వలేదు.

ఆ ఏడు ఆమె తొమ్మిది నోంబులు పట్టింది. అంతా నానీ మాటల మహిమ అని వాళ్లింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నన్నడిగితే ఎనిమిది నా ఏడుపు వల్లే (మొదటిది చెడగొట్టబోయాను కనుక కలపలేదు). ఎవరూ అడగరు. మొన్న బజారులో కలిసినప్పుడు ఆమె తన మనవరాలిని ముందుకు లాగి, "ఈ అవ్వని సూసినావా? నన్ను సూసి ఈమె పడినంత కుళ్లు ఈ ఊర్లో ఎవురూ పడలేదు" అని ఎంతో గర్వంగా చెప్పింది. డెబ్బై రెండేళ్లలో నన్ను గురించి ఎవరూ అంత గొప్పగా చెప్పలేదు. కాదనబుద్ధి కాలేదు.