మరమరాల సంచి

ఈ సాయంత్రం వంటింట్లో మా మైత్రి మరమరాల ప్యాకెట్టు చింపి, గుప్పెడు తీసి పిడికిలి బిగించింది. కరకరమన్న ఆ చప్పుడుకి స్టవ్వు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. "మమ్మీ, దిస్ రైస్ ఈజ్ సో నాయిజీ," అని అది పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. సరిగ్గా ఆ చప్పుడుకే ఒకసారి కెన్యాలో ఒక చిరుతపులి బెదిరి, తన పిల్లని వదిలి పొదల్లోకి వెళ్ళిపోయింది. చప్పుడు చేసింది నేను. నా పక్కన కూర్చున్న కరుణ ఆంటీ ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసిన ఫోటో ఆ చప్పుడుతో పోయింది. ఇప్పుడు ఇంట్లో వాళ్ళు పడుకున్నారు. పై గదిలో మైత్రి మధ్యమధ్య దగ్గుతోంది. నేను కింద బల్ల దగ్గర కూర్చుని, మీరెవరూ చూడని ఆ మనిషి గురించి రాస్తున్నాను.

కరుణ ఆంటీది నరసాపురం. నర్సుగా ఈ ఇంగ్లండు వచ్చి, ముప్పై ఏళ్ళు పిల్లల వార్డులో పనిచేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. 2010లో నేను మాస్టర్స్ చదవడానికి వచ్చినప్పుడు లండన్ శివారు హారోలో ఆవిడ ఇంట్లోనే పై గది అద్దెకు తీసుకున్నాను. మొదటిరోజు హాల్లోకి అడుగుపెట్టి బిత్తరపోయాను. గోడ నిండా ఏనుగులు, జిరాఫీలు, గడ్డిలో పడుకున్న సింహాలు, వాటి మధ్య ఒక్క ఏసుప్రభువు పటం. అన్నీ ఆవిడ తీసినవే. రెండేళ్ళకోసారి సెలవులన్నీ కూడబెట్టుకుని ఆఫ్రికా అడవులకు వెళ్ళేవారట. "మా వార్డులో మనవాళ్ళందరూ విజయవాడలో ఫ్లాట్లు కొన్నారే. నేను లెన్సు కొన్నాను. చర్చిలో నా కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు," అన్నారు నవ్వుతూ. ఆ గోడ మీద ఒకచోట మేకు మాత్రం ఉంది, పటం లేదు. అది ఎవరిదని అడిగితే, "పిల్లతో ఉన్న ఆడ చిరుతది. అదింకా నాకు కనబడలేదు," అన్నారు.

నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆవిడే, వెనక గార్డెన్‌లోకి వచ్చే నక్కల మీద. వంటింటి లైటు ఆర్పి, తలుపు తీసి, రెండు కుర్చీలు వేసేవారు. వ్యూఫైండర్‌కి ఒక కన్ను ఆనించినా రెండో కన్ను మూయకూడదు. ఫోటో తీశాక దాన్ని తెర మీద చూసుకోకూడదు. ఒకసారి కంచె మీద నక్క కనబడింది. బటన్ నొక్కి, ఆత్రం ఆపుకోలేక తెర వైపు వంగి చూసుకున్నాను.

"బాగా వచ్చిందా?" అన్నారు ఆంటీ.

"వచ్చింది ఆంటీ!"

"సంతోషం. నువ్వు చూసుకుంటూ ఉండగా దాని వెనకాలే మూడు పిల్లలు వెళ్ళాయిలే."

ఇంకొకటి కూడా చెప్పారు, అది అప్పట్లో నాకు పెద్దగా ఎక్కలేదు. జంతువు కళ్ళు చూడకు, చెవులు చూడు అన్నారు. "చెవులు నీ వైపు తిరిగాయంటే, అక్కడ నువ్వు ఎక్కువైపోయావని అర్థం. ఇక లేచి రావడమే."

తరవాత నా పెళ్ళయింది. రెండు వీధుల అవతల ఫ్లాటు తీసుకున్నాం. 2014లో మైత్రి రెండు నెలలు ముందుగా పుట్టింది. ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్నన్నాళ్ళూ దాని ఊపిరిని యంత్రాలు చూసుకునేవి. ఇంటికి తెచ్చాక ఆ పని నా మీద పడిందనుకున్నాను. పడుకోబెట్టి వచ్చిన ఐదు నిమిషాలకే వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఊపిరి తగలకపోతే కదిపేదాన్ని. అది ఉలిక్కిపడి ఏడిస్తే బతికే ఉందని నా ప్రాణం కుదుటపడేది. ఇది తల్చుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ అలాగే చేశాను. ఒకరోజు ఆంటీ పప్పుచారు డబ్బాతో వచ్చి, నేను మూడుసార్లు లోపలికి వెళ్ళి రావడం చూశారు.

"ఎన్నిసార్లు చూస్తావే అలా?"

"గంటకోసారి ఆంటీ."

"పావుగంటకి," అన్నాడు మా ఆయన శ్రీకాంత్, కళ్ళు నులుముకుంటూ. "నన్ను అడగండి ఆంటీ, నేను సాక్షిని."

ఆంటీ నవ్వలేదు. "వార్డులో నాకు ఇరవై మంచాలుండేవి. తలుపు దగ్గర నిలబడి వినేదాన్ని. లోపలికి వెళ్ళాల్సిన పని ఉంటేనే వెళ్ళేదాన్ని. నీ పిల్ల ఏడ్చేది నిద్ర పట్టక కాదే, నువ్వు పట్టనివ్వక," అన్నారు. నాకు కోపం వచ్చింది. పిల్లల్లేనావిడకి ఏం తెలుసులే అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు, అదొక్కటే నాకు మిగిలిన ఊరట.

2016లో ఆంటీ కుడికంటి చూపు మధ్యలో మసక మొదలైంది. కంటి డాక్టరు రెండో కన్ను కూడా ఆ దారిలోనే ఉందన్నారట. ఆవిడ మా ఇంటికి వచ్చి, టీ కప్పు బల్ల అంచు తడుముకుంటూ పెట్టి, "కెన్యాకి ఇదే ఆఖరి ట్రిప్పు. తోడు రా. గురి నువ్వు పెట్టు, బటన్ నేను నొక్కుతా," అన్నారు. మైత్రికి అప్పటికి రెండేళ్ళు. వారం రోజులు దాన్ని వదిలి రాలేనన్నాను. శ్రీకాంతే వెళ్ళమన్నాడు. "మా ఇద్దరికీ వారం నిద్ర దొరుకుతుంది," అన్నాడు.

నేను చేసిన తప్పు సామాను సర్దేటప్పుడే జరిగింది. జీపు తలుపు అంచు మీద ఒక గుడ్డ సంచి వేసి, దాని మీద లెన్సు ఆనిస్తారు, కదలకుండా. ఆంటీ ఆ సంచిని పాత జీన్స్ ప్యాంటుతో కుట్టుకున్నారు. ప్రతిసారీ ఇంటి నుంచే మూడు కిలోల బియ్యం పోసి తీసుకెళ్ళి, ఆఖరిరోజు ఆ బియ్యాన్ని క్యాంపు వంటవాడికి ఇచ్చి రావడం ఆవిడ అలవాటు. ఈసారి సంచి నా వంతు. అడవిలోకి వెళ్ళే చిన్న విమానంలో మనిషికి పదిహేను కిలోలే. నేను అప్పటికే రెండు థర్మామీటర్లు, దోమల క్రీములు, మూడు టార్చిలైట్లు, కట్టుగుడ్డలు, ప్రపంచంలో ఉన్న జ్వరాలన్నిటికీ మాత్రలు పెట్టాను. వాటిలో ఒక్కటి తీసినా, సరిగ్గా అదే అవసరమవుతుందని భయం. అందుకని బియ్యం తీసేసి, సంచి నిండా మరమరాలు పోసి నోరు కుట్టేశాను. ఎత్తుగానే ఉంది, బరువూ లేదు. తెలివైన పని చేశాననుకున్నాను. ఆంటీకి చెప్పలేదు.

మొదటి మూడు రోజులు గండం లేకుండా గడిచాయి. సంచి ఎత్తడం, దించడం నా పనే కాబట్టి ఆంటీకి తెలియలేదు. ఏనుగులు, సింహాలు మా జీపుని పట్టించుకోలేదు. నాలుగో రోజు పొద్దున్నే మా గైడు జోసెఫ్ ఇంజిన్ ఆపేసి, "మామా, చుయి," అన్నాడు గుసగుసగా. వాళ్ళ భాషలో మామా అంటే అమ్మా అని, చుయి అంటే చిరుత. పడిపోయిన ఒక చెట్టు మాను మీద అది పడుకుని ఉంది. కాసేపటికి మాను వేళ్ళ సందులోంచి పిల్ల బయటికి వచ్చింది. పిల్లికన్నా కాస్త పెద్దది. తల్లి వైపు పాకుతోంది. ఆంటీ కెమెరా వైరు చివరున్న బటన్‌ని చేతిలో పట్టుకుని, "వచ్చిందా? దగ్గరికి వచ్చిందా?" అంటున్నారు. ఆవిడకి ఆ మాను గోధుమరంగు మరకలా కనబడుతోందంతే. "ఇంకొక్క అడుగు ఆంటీ," అని, లెన్సుని కొంచెం ఎడమకి నొక్కాను.

సంచి కరకరలాడింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఎండుటాకుల మీద నడిచినట్టు వినబడింది. చిరుత చెవులు రెండూ మా వైపు తిరిగాయి. మరుక్షణం అది మాను దిగి పొదల్లోకి వెళ్ళిపోయింది. పిల్ల పైనే ఉండిపోయింది, పొద్దుటి ఎండలో, మీసాలతో సహా కనబడుతూ.

"తల్లి వెళ్ళిపోయింది ఆంటీ. పిల్ల ఉంది. పిల్లనైనా తీయండి, నొక్కండి," అన్నాను.

ఆంటీ బటన్ ఒళ్ళో పెట్టేశారు. "జోసెఫ్, పోనీయ్," అన్నారు ఇంగ్లీషులో.

"వద్దు ఆంటీ! తల్లి తిరిగి వచ్చిందో లేదో చూసి వెళ్దాం. పిల్ల ఒక్కతే ఉంది."

"అదెక్కడో కూర్చుని మనల్నే చూస్తోంది. మనం ఇక్కడ ఉన్నంతసేపూ రాదే."

"రాకపోతే?"

"మనం ఉంటే మాత్రం అస్సలు రాదు. పద."

జీపు కదిలింది. నేను మెడ తిప్పి, కనబడినంతసేపూ ఆ పిల్లనే చూశాను. తల్లి రాలేదు. ఆ రాత్రి వాన పడింది. మర్నాడు ఆ మాను చుట్టూ అడుగుల జాడ కూడా మిగల్లేదు. ఆఖరిరోజు దాకా చిరుత మళ్ళీ కనబడలేదు. ఆ తల్లి వచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

క్యాంపుకి వచ్చాక ఆంటీ సంచి ఒళ్ళో పెట్టుకుని, "ఏం పోశావే ఇందులో?" అన్నారు. చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. మందుల గురించి, బరువు గురించి, అన్నీ. ఆవిడ సంచి కుట్టు విప్పి, గుప్పెడు మరమరాలు నోట్లో వేసుకుని, నమిలి, "కరకరలాడుతూనే ఉన్నాయి. ఉల్లిపాయైనా తేవాల్సింది కదే," అన్నారు. నన్ను క్షమించారో లేదో అడగలేదు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

చూపు పూర్తిగా తగ్గాక స్టీవెనేజ్‌లో ఉన్న అక్క కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. పోయిన చలికాలంలో అక్కడే చనిపోయారు. హారో ఇంటి గోడ మీద పటాలన్నీ చర్చి వాళ్ళు పంచుకున్నారు. నాకు ఆ జీన్స్ సంచి వచ్చింది, ఖాళీగా. ఆ మేకుకి ఆవిడ చివరిదాకా ఏమీ తగిలించలేదట. తగిలించడానికి ఆ చిరుత పిల్ల ఫోటో అయినా ఉండేది, ఆవిడ నొక్కి ఉంటే.

మైత్రికి ఇప్పుడు ఐదేళ్ళు. భయం తగ్గిందని చెప్పను, చాలా రాత్రులు ఇంకా లోపలికి వెళ్తూనే ఉన్నాను. ఇందాక దగ్గు ఎక్కువగా వినబడితే కలం పెట్టేసి మెట్లెక్కాను. గది తలుపు ఓరగా ఉంది. లోపల అది పక్క మీద అటు తిరిగింది, దుప్పటి కదిలిన చప్పుడు. తలుపు మీద చెయ్యి వేశాను. తలుపు కిర్రుమంటుందని నాకు తెలుసు. అక్కడే నిలబడి విన్నాను. దగ్గు ఒకటి వచ్చింది, తరవాత ఊపిరి, మళ్ళీ ఊపిరి. చెయ్యి తీసేసి, ఒక్కో మెట్టూ చప్పుడు కాకుండా కిందకి దిగి వచ్చాను.